తమ్ముడి కాలికి ‘కృత్రిమ ఎముక’ పెడతామంటున్నారు. అది నిజంగా ఎముకగా మారుతుందా?

వైనతేయ గట్టు
జూలై 8, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పోయిన అక్టోబరులో మా తమ్ముడు కాలవ గట్టు రోడ్డు మీద బండిపై వస్తుంటే కొబ్బరికాయల లోడు ట్రాక్టరు తగిలి పడిపోయాడు. ఎడమ కాలు మోకాలి కింద ఎముక విరిగి తోలు చీల్చుకుని బయటికొచ్చింది. వాడికి ఇరవై ఆరేళ్లు. ముందు బయటి నుంచి ఇనప చట్రం బిగించారు. తర్వాత లోపల రాడ్డు వేశారు. గాయం మానినట్టే మాని, సంక్రాంతి తర్వాత చీము పట్టింది. మళ్లీ కోసి కడిగారు. తొమ్మిది నెలలైంది, ఎముక అతుక్కోలేదు.

ఇప్పుడు వేరే డాక్టరుగారికి చూపించాం. పాడైన ముక్క తీసేస్తే 4 సెంటీమీటర్ల ఖాళీ వస్తుందట. ఆ ఖాళీలో ముందు సిమెంటు పెడతారట. ఆరేడు వారాలయ్యాక అది తీసేసి, తుంటి నుంచి తీసిన ఎముకతో నింపుతారట. అది చాలకపోతే కృత్రిమ ఎముక గుళికలు కలుపుతారట. ఆయన ఓపిగ్గానే చెప్పారు, టెన్షన్‌లో నాకే బుర్రకెక్కలేదు.

సిమెంటు అంటే ఇల్లు కట్టేదేనా? గుళికలు ఎముకగా మారతాయా, లేక జీవితాంతం కాలిలో రాళ్లలా ఉండిపోతాయా? తెలిసినవాళ్లు తెలుగులో చెప్పండి. అమ్మకి నేను చెప్పాలి. ఆవిడ సరిగ్గా అన్నం తిని చాలా రోజులైంది.

కొబ్బరితోట
జూలై 8, రాత్రి 10:41

ధైర్యంగా ఉండు తమ్ముడూ. మా ఊళ్లో దింపు తీసే ఒకాయన చెట్టు మీద నుంచి పడితే ఇలాగే రెండేళ్లు పట్టింది. ఇప్పుడు నడుస్తున్నాడు. చెట్టెక్కడం మాత్రం మానేశాడు. విషయం తెలిసినవాళ్లు ఈ వేదికలో ఉన్నారు, రేపటికి చెబుతారు.

వేదిక నిర్వాహకులు
జూలై 9, ఉదయం 6:30

ఒక్క మనవి. ఎక్స్‌రే పెడితే పేరు, ఆసుపత్రి కనపడకుండా చెరిపి పెట్టండి. ఏ ఆసుపత్రి మీదా ఫిర్యాదులు ఇక్కడ వద్దు. వైద్యం గురించి మాట్లాడుకుందాం.

ఎముకల పీజీ
జూలై 9, మధ్యాహ్నం 2:20

కాకినాడలో ఎముకల విభాగంలో పీజీ చేస్తున్నాను. మా అమ్మమ్మగారిది అంబాజీపేట. మీ తమ్ముడిని చూడకుండా ఇది చేయండి, అది వద్దు అని చెప్పలేను. కానీ డాక్టరుగారు చెప్పిన పద్ధతి ఏమిటో విప్పి చెబుతాను.

మోకాలి కింద ఉండే ఆ పెద్ద ఎముకని టిబియా అంటారు. మీ కాలు ముందు వైపు తడిమి చూడండి, తోలు కిందే ఎముక తగులుతుంది. అక్కడ కండ లేదు. కండ లేని చోట రక్తం తక్కువ. అందుకే ఒంట్లో మిగతా చాలా ఎముకల కంటే ఇది ఆలస్యంగా అతుకుతుంది. తోలు చిరిగితే చీము పట్టే ప్రమాదమూ దీనికే ఎక్కువ.

గట్టుకి గండి పడ్డప్పుడు ఏం చేస్తారో మనందరికీ తెలుసు. నీటి ఉరవడి ఆగకుండా మట్టి పోస్తే ఎంత పోసినా కొట్టుకుపోతుంది. ముందు సరుగుడు బాదులు పాతి, తడికలు కట్టి, బస్తాలు వేసి ఉరవడి ఆపుతారు. తర్వాతే మట్టి. కాలిలో ఆ ఉరవడి చీము. చీము ఉండగా ఎముక గుళికలు పోస్తే సూక్ష్మక్రిములు వాటి సందుల్లో దాక్కుంటాయి, మందు అక్కడికి అందదు. అందుకే మీ డాక్టరుగారు రెండు విడతలుగా చేద్దామంటున్నారు.

మొదటి విడతలో పెట్టేది ఇల్లు కట్టే సిమెంటు కాదండి. అది ఒక రకం ప్లాస్టిక్. పొడి, ద్రవం కలిపితే ముద్దలా అయి పది పదిహేను నిమిషాల్లో గట్టిపడుతుంది. మోకాలి కీలు మార్పిడి ఆపరేషన్లలో వాడేది అదే. అందులో యాంటీబయాటిక్ పొడి కలిపి పెడతారు. మందు కొద్దికొద్దిగా అక్కడే ఊరుతుంది. ఆ సిమెంటు ఎప్పటికీ ఎముక కాదు. కానీ దాని చుట్టూ మన ఒళ్లు ఒక పల్చటి పొర కడుతుంది. ఆ పొరలో సన్నటి రక్తనాళాలు ఉంటాయి, ఎముకని పెంచే ప్రొటీన్లు ఊరుతుంటాయి. 1980ల్లో ఫ్రాన్స్‌లో మాస్కెలే అనే సర్జన్ ఈ పొర విలువ గుర్తించి పద్ధతిగా మలిచారు. ఆరు నుంచి ఎనిమిది వారాలకి పొరను జాగ్రత్తగా చీల్చి, సిమెంటు ముద్ద తీసేసి, ఆ సంచిలో ఎముక ముక్కలు నింపి పొర మళ్లీ కుట్టేస్తారు.

గుళికల సంగతి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారు.

వైనతేయ గట్టు
జూలై 9, సాయంత్రం 7:05

గండి మాట చెప్పగానే అమ్మకి అర్థమైంది డాక్టరుగారూ. 1986 వరదలప్పుడు ఆవిడ కళ్లారా చూసింది. చాలా థాంక్స్ అండి.

పింగాణీ పరిశోధన
జూలై 9, రాత్రి 11:50

నాది నరసాపురం. బయోమెటీరియల్స్, అంటే వైద్యం కోసం ఒంట్లో పెట్టే పదార్థాల మీద పని చేస్తున్నాను. ఈ విషయం అంటే నాకు ప్రాణం కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఎముక అంటే ఏమిటో చూద్దాం. పాతకాలం మట్టిగోడలో వరిగడ్డి కలిపేవారు కదా, ఒట్టి మట్టి అయితే పగులుతుంది, ఒట్టి గడ్డి అయితే నిలబడదు. ఎముకలో గడ్డి లాంటిది కొల్లాజెన్ అనే ప్రొటీన్ పీచు. మట్టి లాంటిది కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన ఖనిజం. బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఆ ఖనిజమే. దాని పేరు హైడ్రాక్సీఅపటైట్. దీన్ని కొలిమిలో పింగాణీ కాల్చినట్టు కాల్చి మనుషులే తయారు చేయగలరు. మీ డాక్టరుగారు చెప్పే గుళికలు చాలా వరకు ఈ కుటుంబానివే.

ఎముక పెరగాలంటే మూడు కావాలి. పాకడానికి పందిరి, కూలీలుగా పనిచేసే జీవకణాలు, రండి పని మొదలెట్టండి అని పిలిచే సంకేతం. తుంటి నుంచి తీసిన సొంత ఎముకలో మూడూ ఉంటాయి. అందుకే ఇన్నేళ్లయినా దాన్ని మించింది రాలేదు. చిక్కల్లా అది కొంచెమే దొరుకుతుంది, తీసిన చోట కొన్ని వారాల పాటు నొప్పి ఉంటుంది. గుళికల దగ్గర ఉన్నది పందిరి మాత్రమే. బీరపాదు ఎంత పెరిగినా పందిరి కర్రలు బీరతీగ అయిపోవు. మీ ప్రశ్నకి నా జవాబు ఇదే. గుళిక ఎముకగా మారదు. గుళిక మీద, గుళికలో ఉన్న రంధ్రాల్లోంచి మీ తమ్ముడి సొంత ఎముక పాకుతుంది.

ఆ రంధ్రాలే ఇందులో అసలు విద్య. కనీసం 100 మైక్రాన్లు ఉండాలి, 300 దాటితే రక్తనాళాలు బాగా వెళతాయి. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, దాంతో పోల్చుకోండి. ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి దారి కూడా ఉండాలి. పెద్ద కాలవ నుంచి పిల్ల కాలవకి, అక్కడి నుంచి బోదెకి తూము లేకపోతే చివరి మడికి నీళ్లు ఎలా అందవో ఇదీ అంతే. రక్తం అందని గుళిక మధ్యలో ఎముక పుట్టదు.

ఇక గుళిక ఉండిపోతుందా, కరిగిపోతుందా అన్నది దేంతో చేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. గట్టిగా కాల్చిన హైడ్రాక్సీఅపటైట్ ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది, కొత్త ఎముక దాని చుట్టూ కట్టుకుని దాన్ని తనలో కలిపేసుకుంటుంది. దాని తమ్ముడు లాంటిది ట్రైకాల్షియం ఫాస్ఫేట్. అది ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు మెల్లగా కరుగుతుంది. రెంటినీ కలిపి చేసినవీ ఉన్నాయి. ఒకటి కరిగి చోటిస్తే ఇంకొకటి ఆసరా ఇస్తుంది. జిప్సం అయితే రెండు మూడు నెలల్లోపే కరిగిపోతుంది. అవును, మన పీఓపీ పిండిలోదే. ఎముకల్లో క్షయ తొలిచిన గుంతలు నింపడానికి 1892లోనే జర్మనీలో డ్రీస్మాన్ అనే వైద్యుడు దాన్ని వాడారు. ఎముక పెరిగే వేగం కంటే పందిరి ముందే కరిగిపోతే పాదు నేల మీద పడుతుంది. మరీ నిదానంగా కరిగితే కొత్త ఎముకకి చోటుండదు. ఈ రెండింటి మధ్య కొలత పట్టుకోవడానికే మేం జీవితాలు ఖర్చు పెడుతున్నాం.

ఒక హెచ్చరిక. ఈ పింగాణీలన్నీ కుండపెంకు లాంటివి. నొక్కితే ఆగుతాయి, వంచితే విరుగుతాయి. మీ తమ్ముడి బరువు మోసేది రాడ్డు, ప్లేటే. గుళికలు వేశారు కదా అని తొందరపడి కాలు మోపనివ్వకండి.

చెరువుగట్టు
జూలై 10, ఉదయం 5:55

భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తున్నానండి. ప్రాసెసింగ్ ప్లాంట్లలో రొయ్య తలకాయలు, పెంకులు టన్నులకు టన్నులు వస్తాయి. ఆ పెంకుల్లోంచి ఎముకకి పనికొచ్చే పదార్థం తీస్తారని మా అబ్బాయి కాలేజీలో విన్నాడట. నిజమేనా సార్?

పింగాణీ పరిశోధన
జూలై 10, రాత్రి 9:30

నిజమేనండి. రొయ్య పెంకులో కాల్షియం కార్బొనేట్, ప్రొటీన్, కైటిన్ అనే పీచు ఉంటాయి. ఆమ్లంతో కడిగితే కాల్షియం పోతుంది, క్షారంతో కడిగితే ప్రొటీన్ పోతుంది. మిగిలిన కైటిన్‌ని చిక్కటి క్షారంలో వేడిచేస్తే కైటోసాన్ అవుతుంది. దీనికి రక్తం గడ్డకట్టించే గుణం ఉంది. తీవ్రంగా రక్తం కారే గాయాలకి దీంతో చేసిన పట్టీలు ఇప్పటికే వాడుతున్నారు.

ఎముక విషయంలో ఒక్క కైటోసాన్ మెత్తన. హైడ్రాక్సీఅపటైట్‌తో కలిపి స్పాంజిలా చేస్తే అటు పీచు, ఇటు ఖనిజం రెండూ ఉన్నట్టవుతుంది, మళ్లీ ఆ మట్టిగోడ లెక్కే. దీని మీద పరిశోధన చాలా జరుగుతోంది. వైనతేయ గట్టు గారి తమ్ముడికి రేపు ఆసుపత్రిలో పెట్టే గుళికలు మాత్రం ఇవి కావు, అవి పింగాణీ రకాలే.

కోడిగుడ్డు పెంకు కూడా ఇలాంటిదే. అందులో నూటికి తొంభై పైగా కాల్షియం కార్బొనేటే. దాన్ని కాల్చి, ఫాస్ఫేట్ చేర్చి హైడ్రాక్సీఅపటైట్ చేయొచ్చు. తణుకు, అనపర్తి వైపు ఫారాల్లో కుప్పలుగా పడుండే పెంకు చూసినప్పుడల్లా నాకు అదే ఆలోచన. సముద్రపు పగడాన్ని వేడినీటి ఒత్తిడిలో ఎముక ఖనిజంగా మార్చవచ్చని 1974లోనే చూపించారు. పగడంలోని రంధ్రాలు మన ఎముక రంధ్రాలకి దగ్గరగా ఉంటాయి. తర్వాత అది మార్కెట్లోకీ వచ్చింది.

అయితే పెంకు నుంచి మందు దాకా దూరం చాలా ఉంది. ప్రతి బ్యాచ్ ఒకేలా ఉండాలి, లోహాల మలినాలు ఉండకూడదు, జంతువుల మీద, తర్వాత మనుషుల మీద పరీక్షలు దాటాలి. ఇంట్లో పెంకు కాల్చి పొడి తినడం లాంటివి దయచేసి చేయకండి.

లంక మాస్టారు
జూలై 11, ఉదయం 8:10

నేను రిటైరైన స్కూలు మాస్టారిని. మా నాయనమ్మ ఎముక విరిగితే నల్లేరు పచ్చడి పెట్టేది. నల్లేరు దంచి కట్టు కట్టేవారు కూడా. సంస్కృతంలో దాన్ని అస్థిసంహారి అంటారు. ఆ కట్లతో బాగైనవాళ్లని నేను స్వయంగా చూశాను. ఇంత ఖర్చు, ఇన్ని ఆపరేషన్లు పెట్టుకునే ముందు దాన్ని ఒకసారి ప్రయత్నించకూడదా? పెద్దవాడిగా అడుగుతున్నాను, ఎవరినీ నొప్పించడానికి కాదు.

ఎముకల పీజీ
జూలై 11, రాత్రి 10:00

నమస్కారం మాస్టారూ. మీరు చెప్పినది వట్టి నమ్మకం అని నేననను. 1960ల్లోనే బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఉడుప, ప్రసాద్ అనే వైద్యులు నల్లేరు మీద పరిశోధన చేశారు. జంతువుల్లో విరిగిన ఎముక త్వరగా అతుకుతున్నట్టు చూశారు. పచ్చడి తింటే నాకు అభ్యంతరం లేదు, డాక్టరుకి చెప్పి తినండి.

కానీ విరిగి కదలకుండా సరిగ్గా కూర్చున్న ఎముక వేరు, 4 సెంటీమీటర్లు లేకుండా పోయిన ఎముక వేరు. మీరు చూసిన వాటిలో చాలావరకు మొదటి రకం అయ్యుంటాయి. వాటిని కదలకుండా ఉంచితే ఒళ్లే అతికించుకుంటుంది. ముందు రక్తం గడ్డకట్టి, అది మెత్తటి పీచుగా, తర్వాత గట్టి ఎముకగా మారుతుంది. ఖాళీ పెద్దదైతే రెండు కొసల నుంచి వచ్చే ఎముక మధ్యలో కలుసుకోలేదు, ఆ చోటు గాయం మచ్చ లాంటి పీచుతో నిండిపోతుంది. చీము పట్టిన గాయం మీద పసరు కట్టు కడితే ఇంకా ప్రమాదం.

బిగుతు కట్ల వల్ల రక్తం ఆడక కాలు నల్లబడి వచ్చిన పిల్లల్ని డ్యూటీలో చూశాను మాస్టారూ. ఒక పన్నెండేళ్ల బాబుకి చెయ్యి దక్కించలేకపోయాం. ఆ రాత్రి నాకు మర్చిపోవడం కుదరదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

లంక మాస్టారు
జూలై 12, ఉదయం 6:45

బాబూ, నీ మాట అర్థమైంది. కట్టు మాట వెనక్కి తీసుకుంటున్నాను. పచ్చడి వరకే.

నడక
జూలై 12, మధ్యాహ్నం 1:15

ఫిజియోథెరపిస్టుని, పాలకొల్లు. వైనతేయ గట్టు గారూ, ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పండి. మీ తమ్ముడు సిగరెట్ కాలుస్తారా?

వైనతేయ గట్టు
జూలై 12, సాయంత్రం 6:20

కాలుస్తాడండి. మంచం మీద ఉన్నప్పటి నుంచి ఎక్కువైంది. ఊసుపోక అంటాడు.

నడక
జూలై 12, రాత్రి 8:40

అదే భయపడ్డాను. పైన సార్ తూముల గురించి రాశారు చూడండి. నికోటిన్ ఆ సన్నటి రక్తనాళాలని బిగించేస్తుంది, తూము మూసేసినట్టే. పొగతాగేవాళ్లకి ఎముక ఆలస్యంగా అతుకుతుందని, కొందరికి అసలు అతకదని ఎన్నో పరిశోధనల్లో తేలింది. సిగరెట్, బీడీ, మన లంక పొగాకు చుట్ట, నోట్లో పెట్టుకునే ఖైనీ, అన్నీ ఒకటే. ఎంత ఖరీదైన గుళికలు తెచ్చినా పొగ మానకపోతే సగం శ్రమ వృథా. షుగరు ఉందేమో కూడా చూపించండి. విటమిన్ డి పరీక్ష అడగండి. తొమ్మిది నెలలు ఇంట్లో ఉన్న మనిషి ఎండ మొహం చూసి ఉండరు.

తిండి మామూలే: గుడ్డు, పప్పు, పాలు, ముల్లుతో సహా తినే చిన్న చేపలు. చీలమండ, వేళ్లు రోజూ కదిలించాలి, లేకపోతే ఎముక అతికేసరికి చీలమండ బిగుసుకుపోతుంది.

వైనతేయ గట్టు
జూలై 12, రాత్రి 9:30

ఇది వాడికే చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు. ఇందాక ప్యాకెట్ తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు.

పేరుపాలెం అమ్మాయి
జూలై 13, మధ్యాహ్నం 3:00

మా ఇంట్లోవాళ్లు శాకాహారులు, ఆవుని పూజిస్తాం. అత్తగారికి పళ్ల ఆపరేషన్‌లో ఎముక పొడి వేస్తామన్నారు. అది ఆవు ఎముక నుంచి తీస్తారని తర్వాత తెలిసింది. ఆవిడ చాలా బాధపడ్డారు. గుళికలు కూడా అలాంటివేనా? ముందే తెలుసుకునే దారి లేదా?

పంటి డాక్టర్
జూలై 13, రాత్రి 9:15

భీమవరంలో దంతవైద్యురాలిని. మీ అత్తగారి బాధ నాకు అర్థమైందండి. ఇది ముందే చెప్పాల్సిన విషయం. పన్ను తీసిన గుంత పూడ్చడానికి, ఇంప్లాంట్ కోసం దవడ ఎముక పెంచడానికి మేం వాడే పొడుల్లో ఒక ముఖ్యమైన రకం ఆవుల, ఎద్దుల ఎముక నుంచి వస్తుంది. వేడి, రసాయనాలతో మాంసం, ప్రొటీన్ అంతా తీసేసి ఖనిజం ఒక్కటే మిగులుస్తారు. వైద్యపరంగా దానికి చాలా ఏళ్ల మంచి పేరు ఉంది. కానీ పేషెంటు నమ్మకం కూడా వైద్యంలో భాగమే. నేను ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి అడుగుతాను.

వద్దంటే దారులున్నాయి. ఖనిజాలతో ఫ్యాక్టరీలో చేసిన సింథటిక్ పొడి ఉంది, అందులో ఏ జంతువూ లేదు. దవడలోనే వేరే చోటు నుంచి సొంత ఎముక తీయొచ్చు. ఒక్క విషయం గుర్తుంచుకోండి, పొడి సింథటిక్ అయినా పైన కప్పే పల్చటి పొర కొల్లాజెన్‌తో చేసినదైతే అది పందిదో ఆవుదో కావచ్చు. కాబట్టి పొడి, పొర, రెండూ దేంతో చేశారని అడగండి. డబ్బా మీద రాసి ఉంటుంది.

పాలకొల్లు అమ్మ
జూలై 15, ఉదయం 11:25

వైనతేయ గట్టు బాబూ, మీ అమ్మగారికి ఇది చదివి వినిపించు. మా బాబుకి ఎనిమిదేళ్లప్పుడు భుజం కింద ఎముకలో నీటితిత్తి వచ్చింది. క్రికెట్ బంతి విసిరితే చెయ్యి విరిగింది. తిత్తి గోకేసి తెల్లటి గుళికలు నింపారు. మొదటి ఎక్స్‌రేలో బియ్యం పోసినట్టు కనపడితే నేను ఏడ్చేశాను, పిల్లాడి ఒంట్లో రాళ్లు పోశారని. మూడు నెలలకి ఆ గింజల అంచులు మసకబారాయి. ఏడాదికి సగం కనపడలేదు. ఏడాదిన్నరకి డాక్టరుగారు రెండు చేతుల ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టి ఏది ఏదో చెప్పమన్నారు, చెప్పలేకపోయాను. ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. పిల్లల ఎముక త్వరగా పెరుగుతుంది, పెద్దవాళ్లకి టైం పడుతుంది, కానీ పెరుగుతుందమ్మా.

ఎముకల పీజీ
జూలై 15, రాత్రి 11:10

అమ్మగారు చెప్పిన ‘అంచులు మసకబారడం’ మేమూ చూసేదే. గింజ అంచు పదునుగా కనపడుతోందంటే ఎముక ఇంకా దాన్ని పట్టుకోలేదని. ఎక్స్‌రేలో గుళిక, ఎముక రెండూ తెల్లగానే కనపడతాయి కాబట్టి మొదట్లో అంతా నిండినట్టు భ్రమ కలుగుతుంది. అనుమానం ఉంటే సీటీ తీస్తారు.

కొబ్బరితోట
జూలై 16, సాయంత్రం 5:40

ఎముకని పెంచే ఇంజెక్షన్ ప్రొటీన్ ఉందట కదా, అది వేస్తే ఈ గుళికలు, తుంటి ఎముక అవసరం ఉండదా? మా బావమరిది అమెరికా నుంచి చెప్పాడు.

పింగాణీ పరిశోధన
జూలై 16, రాత్రి 11:30

మీ బావమరిది చెప్పింది బీఎంపీ అనే ఎముకని పుట్టించే ప్రొటీన్ గురించి అయ్యుంటుంది. 1965లో మార్షల్ యూరిస్ట్ అనే సర్జన్ ఎముకలోని ఖనిజం తీసేసి, మిగిలిన మెత్తటి భాగాన్ని కుందేలు కండలో పెట్టారు. ఎముకే లేని కండలో ఎముక పుట్టింది! నేను పైన పిలుపు అన్నానే, ఆ పిలుపు ఆ మెత్తటి భాగంలో ఉందన్నమాట. తర్వాత ఆ ప్రొటీన్‌ని ప్రయోగశాలలో తయారు చేశారు. 2002లో అమెరికాలో వెన్నెముక ఆపరేషన్‌కి అనుమతి వచ్చింది. రెండేళ్లకి టిబియా విరిగి తోలు చీల్చుకున్న గాయాలకి కూడా వచ్చింది.

మొదట్లో అందరూ సంబరపడ్డారు. తర్వాత ఇబ్బందులు బయటపడ్డాయి. ఒంట్లో సహజంగా ఉండేదాని కంటే ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదు వేయాల్సి వస్తుంది. దాన్ని నానబెట్టి పెట్టే స్పాంజి నుంచి అది పక్కకి పాకితే వాపు వస్తుంది, అక్కర్లేని చోట ఎముక పుడుతుంది. మెడ ఆపరేషన్లలో గొంతు వాచి ఊపిరి ఆడని పరిస్థితి వచ్చిందని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఖరీదు కూడా చాలా ఎక్కువ. ఎక్కడ అవసరమో అక్కడ మంచిదే, అందరికీ వేసేది కాదు.

నాకు బాగా ఇష్టమైన కథ ఇంకొకటి ఉంది. 1967లో లారీ హెంచ్ అనే గాజు శాస్త్రవేత్త బస్సులో వెళుతుంటే పక్క సీటులో వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన సైనికాధికారి కూర్చున్నాడు. లోహం, ప్లాస్టిక్ పెడితే సైనికుల ఒళ్లు తోసేస్తోంది, ఒళ్లు ఒప్పుకునే పదార్థం చేయలేరా అని అడిగాడు. 1969లో హెంచ్ బృందం ఫ్లోరిడాలో ఒక గాజు చేసింది. సగానికి కొంచెం తక్కువ ఇసుక, మిగతాది సున్నం, సోడియం, కొద్దిగా ఫాస్ఫేట్. ఎలుక తొడ ఎముకలో పెట్టి ఆరు వారాల తర్వాత లాగితే ఊడి రాలేదు. గాజు ఎముకతో అతుక్కుపోయింది. ఒంటి నీరు తగలగానే గాజు పైపొర నుంచి సోడియం బయటికి పోతుంది, జిగురు లాంటి సిలికా పొర మిగులుతుంది, దాని మీద కాల్షియం ఫాస్ఫేట్ పేరుకుని ఎముక ఖనిజంలా మారుతుంది. కొల్లాజెన్ పీచు అందులో చిక్కుకుంటుంది. ఒండ్రు పేరుకుని లంక ఏర్పడినట్టే. సోడియం వదిలేటప్పుడు చుట్టూ క్షారగుణం పెరిగి సూక్ష్మక్రిములకి గిట్టదు. అందుకే ఈ కుటుంబంలో ఒక రకం గాజుని చీము పట్టిన ఎముకల్లో కూడా వాడుతున్నారు.

మన దేశంలోనూ ఈ పని జరుగుతోంది. తిరువనంతపురంలో శ్రీ చిత్ర సంస్థ, కోల్‌కతాలో కేంద్ర గాజు, పింగాణీ పరిశోధన సంస్థ ఎముక పింగాణీల మీద దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి. ఇక్కడే తయారైతే ధర తగ్గుతుంది, రాజోలు రోగికీ అందుతుంది. నేను ఈ రంగంలోకి వచ్చింది అందుకే.

వైనతేయ గట్టు
జూలై 29, రాత్రి 8:00

సోమవారం మొదటి విడత అయింది. నల్లబడిన ముక్క తీసేశారు, సిమెంటు పెట్టారు. రెండో విడతకి గుళికలు కావాల్సి వస్తే అవి దేంతో చేసినవి, కరుగుతాయా, ప్రభుత్వ ఆరోగ్య పథకంలో వస్తాయా అని మీరందరూ రాసింది చదివి తట్టిన ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్లి అడిగాను. డాక్టరుగారు సంతోషించారు. ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అన్నారు, ఫ్యాక్టరీలో చేసినదే. సొంత ఎముకే ఎక్కువ పాళ్లలో ఉంటుంది, గుళికలు కలుపుకి మాత్రమే అన్నారు. డబ్బుల సంగతి ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్రని అడగమన్నారు, రేపు వెళతాను.

వైనతేయ గట్టు
సెప్టెంబరు 18, రాత్రి 9:45

రెండో విడత అయింది. ఏడు వారాల తర్వాత సిమెంటు తీశారు. చీము లేదని ల్యాబ్ రిపోర్టు వచ్చాకే చేశారు. కాలు కంటే తుంటే ఎక్కువ నొప్పి అంటున్నాడు. ఎక్స్‌రేలో బియ్యం గింజలు కనపడ్డాయి, పాలకొల్లు అమ్మగారు ముందే చెప్పబట్టి అమ్మ భయపడలేదు.

నడక
సెప్టెంబరు 19, ఉదయం 7:20

తుంటి నొప్పి మెల్లగా తగ్గుతుంది. కాలు మోపే రోజు డాక్టరుగారు చెప్పేదాకా చంక కర్రలే. చీలమండ కదలిక మర్చిపోవద్దు.

వైనతేయ గట్టు
జనవరి 17, ఉదయం 10:30

నాలుగు నెలలైంది. పోయిన వారం ఎక్స్‌రే తీశారు. ముందు, వెనక, లోపలి పక్క, బయటి పక్క అని నాలుగు గోడలు చూస్తారట. మూడింటికి ఎముక వంతెన పడితే అతికినట్టు లెక్కట. మావాడికి రెండు పడ్డాయి. మూడో గోడ దగ్గర గింజల అంచులు మసకబారాయి. సగం బరువు మోపమన్నారు.

నిన్న కనుమ కదా, జగ్గన్నతోట తీర్థానికి తీసుకెళ్లాం. ప్రభలు కౌశిక కాలవ దాటుతుంటే చంక కర్రల మీద నిలబడి చూశాడు. కూర్చో అంటే కూర్చోలేదు. వాడు సిగరెట్ ప్యాకెట్ చేతికిచ్చిన రోజు నుంచి అమ్మ క్యాలెండరులో గీతలు పెడుతోంది. ఇవాళ్టికి 189.

లంక మాస్టారు
జనవరి 17, మధ్యాహ్నం 12:05

నేనూ తీర్థంలోనే ఉన్నాను బాబూ. తెలిసుంటే వచ్చి పలకరించేవాడిని. తదుపరి ఎక్స్‌రే ఎప్పుడు?

వైనతేయ గట్టు
జనవరి 17, మధ్యాహ్నం 12:20

ఫిబ్రవరి చివర్లో మాస్టారూ. తీయగానే ఇక్కడ రాస్తాను.